ఆడా మగా గిరి గీయని బొమ్మల పుస్తకాలు: ఎంచుకోవడం, చదివి వినిపించడం, ఫలితం చూసుకోవడం ఎలా

"ఆడపిల్లంటే ఇలా, మగపిల్లాడంటే అలా అని నూరిపోయని బొమ్మల పుస్తకాలు ఏవి? పేర్లు చెప్పండి" అని విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు, ఎల్‌కేజీ టీచర్లు తరచూ అడుగుతుంటారు. పేర్ల జాబితా ఇస్తే అందులో సగం షాపులో దొరకవు, దొరికినవి మీ పిల్లలకు నచ్చకపోవచ్చు. అందుకే ఇక్కడ జాబితా ఇవ్వడం లేదు. ఏ పుస్తకాన్నైనా ఐదు నిమిషాల్లో మీరే తేల్చుకునే పద్ధతి, ఇంట్లో ఉన్నవాటిని సరిచేసుకునే పద్ధతి, చదివాక పిల్లల్లో ఏమైనా మారిందో లేదో చూసుకునే పద్ధతి చెబుతున్నాం. 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు పనికొస్తుంది.

ఒక్క విషయం ముందే గుర్తుపెట్టుకోండి. అక్షరాలు రాని పిల్లలు బొమ్మను చదువుతారు. కథ చివర ఏ నీతి రాశారన్నది వాళ్ళకు పట్టదు. బొమ్మలో గరిటె ఎవరి చేతిలో ఉంది, స్టీరింగు ఎవరి చేతిలో ఉంది అన్నది మాత్రం కళ్ళలో పడిపోతుంది.

కావలసినవి

- పిల్లలు రోజూ తెరిచే పుస్తకాలు 10. అట్ట నలగని కొత్తవి వద్దు. మూలలు చిరిగినవే తీసుకోండి, వాళ్ళ మీద పనిచేస్తున్నవి అవే.
- గీతల నోటుబుక్కు, పెన్సిలు
- వెనక జిగురున్న చిన్న రంగు స్లిప్పులు
- తెల్ల ఏ4 కాగితాలు 20, రంగు పెన్సిళ్ళు
- లావు దారం, దబ్బనం (పుస్తకం కుట్టడానికి)
- కొనాలనుకుంటే 500 రూపాయలు. తెలుగు బొమ్మల పుస్తకాలు చాలావరకు వంద లోపే ఉంటాయి కాబట్టి ఐదారు వస్తాయి.

1. ఏదీ మార్చకముందే మూడు బొమ్మలు గీయించండి

ఈ పని చాలామంది వదిలేస్తారు. తర్వాత "ఏమైనా తేడా వచ్చిందా" అంటే చెప్పలేరు. కొత్త పుస్తకం ఇంట్లోకి రాకముందే, మూడు వేర్వేరు రోజుల్లో ఒక్కోటి చొప్పున ఈ బొమ్మలు గీయించండి:

జ్వరం వచ్చినవాళ్ళకు మందిస్తున్న డాక్టరు గారు.
పొలంలో పనిచేస్తున్న రైతు.
అందరికీ అన్నం వండుతున్నవాళ్ళు.

అడిగేటప్పుడు మాట జారకండి. "డాక్టరు ఏం చేస్తాడు?" అన్నారంటే జవాబు మీరే చెప్పేసినట్టు. "డాక్టరు గారు ఏం చేస్తారు?" అనండి. ఈ విషయంలో తెలుగు మనకు మేలు చేస్తుంది: గౌరవంగా అంటే ఆడో మగో తెలియదు. గీయడం అయ్యాక "వీళ్ళ పేరేంటి?" అని అడిగి ఆ పేరు బొమ్మ కింద రాయండి. జుట్టు చూసి, బట్టలు చూసి మీరు ఊహించొద్దు. నాలుగేళ్ళ పిల్లల బొమ్మలో జుట్టంటే రెండు గీతలే. పేరు చెప్పారంటే సంగతి తేలిపోతుంది. వెనక తేదీ వేసి దాచండి. మెచ్చుకోవడం తప్ప ఇంకో వ్యాఖ్య చేయొద్దు.

శాస్త్రవేత్త బొమ్మ గీయమని 4,807 మంది పిల్లల్ని అడిగి చేసిన ఒక అధ్యయనం 1983లో అచ్చయింది. అందులో మహిళా శాస్త్రవేత్తను గీసినవాళ్ళు 28 మంది. ఆ 28 మందీ అమ్మాయిలే. మీ పిల్లల మొదటి బొమ్మలు ఎలా వచ్చినా కంగారు పడొద్దని ఈ సంగతి చెబుతున్నాం.

2. చేతులు చూసి లెక్క రాయండి

10 పుస్తకాలూ ముందేసుకోండి. అక్షరాలు చదవకండి. బొమ్మలే చూస్తూ పేజీకి ఒక వరుస చొప్పున మూడు సంగతులు రాయండి: ఎవరు, చేతిలో ఏముంది, ఇంట్లోనా బయటా. 16 పేజీల పుస్తకానికి ఐదు నిమిషాలు చాలు.

సంక్రాంతి పేజీ ఒకటి అనుకోండి. అమ్మ పొయ్యి దగ్గర అరిసెలు వత్తుతోంది. అక్క వాకిట్లో ముగ్గు వేస్తోంది. అన్న డాబా మీద గాలిపటం ఎగరేస్తున్నాడు. తాత పడక కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. నాన్న సంచితో బజారు నుంచి వస్తున్నాడు. నానమ్మ మనవడికి అరిసె అందిస్తోంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, మన ఇళ్ళల్లో జరిగేదే. నోటుబుక్కులో రాసుకుంటే మాత్రం ఇలా తేలుతుంది: ఆడవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ పనిలో ఉన్నారు. మగవాళ్ళు ముగ్గురు, అందులో ఇద్దరు ఆటలోనో విశ్రాంతిలోనో ఉన్నారు. పని చేస్తున్న ఆ ఒక్కడి చేతిలో ఉన్నది డబ్బు, బజారు. ఒక పేజీలో ఇలా ఉంటే నష్టం లేదు. పది పుస్తకాల్లోనూ పంపకం ఇదే అయితే పిల్లలకు అది లోకరీతిగా స్థిరపడిపోతుంది.

పదీ అయ్యాక నాలుగు మొత్తాలు వేయండి:

- బొమ్మల్లో ఆడవాళ్ళు ఎందరు, మగవాళ్ళు ఎందరు. గుంపులో వెనక నిలబడినవాళ్ళను కూడా లెక్కపెట్టండి.
- కథలో చిక్కు విప్పింది ఎవరు, చూస్తూ నిలబడింది ఎవరు.
- గరిటె, చీపురు, చంటిబిడ్డ ఎవరి చేతిలో ఉన్నాయి.
- స్టీరింగు, పానా, స్టెతస్కోపు, బ్యాటు, డబ్బు ఎవరి చేతిలో ఉన్నాయి.

ఎవరైనా ఏడ్చిన పేజీ ఉంటే పక్కన చుక్క పెట్టండి. ఏడ్చింది అబ్బాయా, అతన్ని ఎవరైనా దగ్గరికి తీసుకున్నారా, "మగాడివి, ఏడుస్తావేంటి" అన్నారా చూడండి.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి గట్టిగానే చెబుతాం. ధైర్యం గల అమ్మాయి, చెట్టెక్కే అమ్మాయి, సైకిలు బాగుచేసే అమ్మాయి ఉన్న పుస్తకాలు ఇప్పుడు కాస్త వెతికితే దొరుకుతున్నాయి. చెల్లెలికి జడ వేసే అబ్బాయి, అన్నం వడ్డించే నాన్న, భయపడి అమ్మమ్మ ఒళ్ళో దూరే అబ్బాయి ఉన్నవి మాత్రం దొరకడం లేదు. చాలా ఇళ్ళలో ఖాళీ అటువైపే ఉంటుంది. డబ్బు పెట్టేటప్పుడు ముందు ఆ ఖాళీ నింపండి.

3. ఇప్పుడు మాటలు చదవండి, క్రియల చివర చూడండి

తెలుగు పుస్తకాల్లో ఈ తనిఖీ తప్పనిసరి. మూడు చోట్ల ఆగండి.

మొదటిది: "నాన్న ఆఫీసు నుంచి వచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది." నాన్నకు గౌరవం, అమ్మకు ఏకవచనం. మన పుస్తకాల్లో ఇది ఎంత మామూలంటే, పెద్దవాళ్ళ కంటికి ఆనదు. రెండూ ఒకే తీరులో చదవండి. "నాన్న వచ్చాడు, అమ్మ ఇచ్చింది" అనండి, లేదా "వచ్చారు, ఇచ్చారు" అనండి. మీ ఇంట్లో ఏది అలవాటో అదే. పేజీ మీద పెన్సిలుతో దిద్దుకుంటే ఇంకెవరు చదివినా మారకుండా ఉంటుంది.

రెండోది జంతువులు. "ఏనుగు నడిచింది, పులి పడుకుంది" అంటే అది ఆడో మగో పిల్లల ఊహకే వదిలినట్టు. కానీ "ఎలుగుబంటి మామ", "నక్క బావ", "సింహం రాజు" అని తగిలించగానే అడవంతా మగవాళ్ళతో నిండిపోతుంది. చివరికి ఆడవాళ్ళుగా మిగిలేది కాకమ్మ, కోడిపెట్ట. చదివేటప్పుడు మామ, బావ తీసేస్తే సరిపోతుంది, కథకేమీ కాదు. బొమ్మ చూపిస్తూ "వీడు చూడు, కోతిగాడు!" అనే అలవాటు దాదాపు అందరికీ ఉంటుంది. "ఇది చూడు" అనండి. కొన్ని కథల్లో ఏనుగును అత్తను చేయండి.

మూడోది "కూడా", "సాయం" అనే రెండు మాటలు. "అమ్మాయిలు కూడా లెక్కలు చేయగలరు" అని వింటే, అంతవరకు ఆ అనుమానమే లేని మూడేళ్ళ పాపకు కొత్తగా అనుమానం పుడుతుంది. "నాన్న అమ్మకు వంటలో సాయం చేశాడు" అంటే వంట అమ్మదే, నాన్న దయతలిచాడని అర్థం. "నాన్న పప్పు తాలింపు పెట్టాడు" అని ఊరుకోండి. 2024లో కేరళ ప్రభుత్వం మూడో తరగతి పాఠ్యపుస్తకంలో నాన్న కూర్చుని కొబ్బరి తురుముతున్న బొమ్మ వేసింది. ఆ బొమ్మలో నాన్న తన పని తాను చేసుకుంటున్నాడు, అంతే. మీరు వెతకాల్సింది అలాంటి పేజీ.

4. పుస్తకాలు తెచ్చుకోవడం

షాపుకు వెళ్ళి "పిల్లల పుస్తకాలు" అంటే నీతికథల కట్ట, రంగులు దిద్దే పుస్తకాలు ముందు పెడతారు. ప్రచురణకర్త పేరు చెప్పి అడగండి. సికింద్రాబాద్ మంచి పుస్తకం వారివి, నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుస, చెన్నై తూలిక వారి తెలుగు పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ వారివి. విజయవాడలో ఏలూరు రోడ్డు షాపుల్లో మొదలుపెట్టండి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో కోచింగ్ పుస్తకాల మధ్య నుంచి అడిగి తీయించుకోవాలి. అన్నిటికన్నా మంచి సమయం జనవరి మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవం. ప్రచురణకర్తలే స్టాళ్ళు పెడతారు, నిలబడి పేజీలన్నీ తిప్పి చూడొచ్చు. పిల్లల్ని తీసుకెళ్ళండి, కానీ లెక్క మీరే చేయండి.

షాపులో నిలబడి చూడటానికి చిన్న పద్ధతి: అట్ట వదిలేయండి. సరిగ్గా మధ్య పేజీ, చివరి రెండు పేజీలు తెరవండి. అట్ట మీద అమ్మాయి ఎగురుతూ ఉండొచ్చు. లోపల మధ్యలో ఆమెను ఎవరో కాపాడుతుంటే, చివరిలో అబ్బాయికి దండ వేస్తుంటే ఆ అట్ట మిమ్మల్ని మోసం చేసినట్టే. ఇంకో రకం కూడా జాగ్రత్తగా చూడండి: నాన్న వంట మొదలుపెట్టి ఇల్లంతా పిండి చల్లేస్తాడు, అందరూ నవ్వుతారు, చివర అమ్మ వచ్చి సర్దుతుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మగాళ్ళకు వంట రాదన్న పాఠం మాత్రం అందులో భద్రంగా ఉంటుంది.

డబ్బు లేకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటు ఉంది. భాష తెలుగు, స్థాయి 1 ఎంచుకోండి. స్థాయి 1లో 250 మాటల లోపు, స్థాయి 2లో 600 లోపు ఉంటాయి. వెతికే చోట "వంట", "సైకిలు", "భయం", "తమ్ముడు" లాంటి మాటలు కొట్టండి. ఒక హెచ్చరిక: అక్కడ ఎవరైనా అనువాదం చేసి పెట్టొచ్చు. అందుకే కొన్నిటి తెలుగు నోరు తిరగనంత కృతకంగా ఉంటుంది. దించుకునే ముందు రెండు పేజీలు పైకి చదవండి. మీ నాలుక తడబడితే వదిలేయండి.

5. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించడం

స్టోరీవీవర్ పుస్తకాలు స్వేచ్ఛా లైసెన్సులో ఉంటాయి. ప్రింటు తీసుకోవచ్చు, పంచొచ్చు, మాట మార్చుకోవచ్చు కూడా. రచయిత, చిత్రకారుల పేర్లున్న చివరి పేజీ తప్పకుండా ఉంచాలి, ఏమైనా మారిస్తే మార్చామని రాయాలి.

పీడీఎఫ్ తెరిచి ముందు పేజీ ఆకారం చూడండి. చాలా పుస్తకాలు అడ్డం పేజీలవి. వాటిని మధ్యకు మడిచే పుస్తకంలా తీయమంటే చెడిపోతాయి. ఏ4 మీద పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు పేజీలు వచ్చేలా ఒకవైపే రంగు ప్రింటు తీయించి, మధ్యకు కోయించి, ఎడమవైపు స్పైరల్ వేయించండి. మామూలు జిరాక్స్ కాగితం పిల్లల చేతిలో రెండు రోజులకే చిరుగుతుంది. 100 జీఎస్‌ఎం మందపు కాగితం అడగండి, అట్ట ఒక్కటి లామినేషన్ చేయించండి. లోపలి పేజీలన్నీ లామినేషన్ చేయించకండి. అంచులు కోసుకుంటాయి, బరువెక్కుతుంది, మెరుపు వల్ల ట్యూబ్‌లైటు కింద బొమ్మ కనబడదు.

బ్లాక్ అండ్ వైట్ చాలనుకోవద్దు. ఈ వయసు పిల్లలు రంగు లేని పుస్తకాన్ని రెండోసారి ముట్టుకోరు.

6. చదివి వినిపించడం

మొదటిసారి ఏ వ్యాఖ్యా లేకుండా కథ చదవండి. "చూశావా, అమ్మాయి ఎంత బాగా నడుపుతోందో లారీ!" అన్నారంటే అది వింత అని మీరే చెప్పినట్టవుతుంది. లారీ నడుపుతోంది, ఊరు చేరింది, అంతే. పిల్లలే ఆశ్చర్యపోయి అడిగితే "అవును, లారీ డ్రైవరు" అనండి.

రెండోసారి పిల్లల చేత చెప్పించండి. వాళ్ళు ఎవర్ని "వాడు" అంటున్నారు, ఎవర్ని "ఈ అమ్మాయి" అంటున్నారు గమనించండి. మూడోసారి ఒకటి రెండు ప్రశ్నలు అడగండి: "ఇప్పుడు ఈ బాబుకు ఎలా ఉండుంటుంది?", "నువ్వైతే ఏం చేస్తావు?" తప్పొప్పుల పరీక్షలా అడగకండి.

గొంతు గమనించుకోండి. అమ్మాయి పాత్రకు కీచుగా, అబ్బాయి పాత్రకు గంభీరంగా చదివితే పుస్తకం చేసిన మంచిని గొంతు చెరిపేస్తుంది.

ఎవరు చదువుతున్నారన్నది కూడా ముఖ్యమే. పుస్తకం చదివి నిద్రపుచ్చే పని అమ్మదే అయితే, పుస్తకంలో ఎంతమంది నాన్నలు జోలపాడినా లాభం తక్కువ. వారంలో కనీసం మూడు రాత్రులు నాన్న, తాత, మేనమామ చదవాలి. అబ్బాయి ముఖ్యపాత్రగా ఉన్నవి పాపకు, అమ్మాయి ముఖ్యపాత్రగా ఉన్నవి బాబుకు కూడా చదవండి. "ఇది ఆడపిల్లల పుస్తకం" అని పక్కన పెట్టడం చాలా ఇళ్ళలో బాబుకు రెండేళ్ళ వయసులోనే మొదలవుతుంది.

పాత పుస్తకాలు పారేయకండి, దాచేయకండి. రాకుమారి కథే కావాలని మారాం చేస్తే చదవండి. ఆ వారంలోనే ఇంకో రకం రాకుమారి కథ పక్కన పెట్టండి.

7. మీ వీధి పుస్తకం మీరే కుట్టుకోండి

ఇది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఎందుకంటే మన వీధిలో కనబడేదానికీ పుస్తకంలో కనబడేదానికీ పొంతన లేదు. "రైతు" అంటే ప్రతి పుస్తకంలో తలపాగా చుట్టి నాగలి పట్టిన మగవాడే. గుంటూరు చుట్టుపక్కల చేలల్లో మిరపకాయలు కోసేది, తొడిమలు తీసేది, పత్తి ఏరేది, నాట్లు వేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. వంట అంటే పుస్తకంలో అమ్మ. బయట దోసెల బండి మీద అట్లకాడ తిప్పేది మగాయన, పెళ్ళిలో వందలమందికి వండేది మగ వంటవాళ్ళు. ఇంట్లో ఇస్త్రీ అమ్మ పని, బండి మీద అయితే మగాయన పని. సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టే కండక్టరమ్మను పిల్లలు చూస్తూనే ఉంటారు, పుస్తకంలో మాత్రం కండక్టరు మీసాలతో ఉంటాడు.

ఒక సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వీధిలో తిరిగి, పనిచేస్తున్న పన్నెండుమందిని చూసి రండి. ఫోటోలు తీయాలంటే అడిగి తీయండి. బొమ్మలు గీయించడమే మేలు, చూసింది మనసులో నిలుస్తుంది.

తయారీ ఇలా: నాలుగు ఏ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి, 16 పేజీలవుతాయి. మడత పొడవు 21 సెంటీమీటర్లు. మడత మీద సరిగ్గా మధ్యన ఒకటి, పై అంచు నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కింది అంచు నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర ఒకటి దబ్బనంతో బెజ్జాలు పెట్టండి. 65 సెంటీమీటర్ల దారం తీసుకోండి. లోపలి నుంచి మధ్య బెజ్జంలో బయటికి తీయండి, పై బెజ్జంలో లోపలికి, మధ్యది వదిలేసి కింది బెజ్జంలో బయటికి, మళ్ళీ మధ్య బెజ్జంలో లోపలికి. రెండు కొసలూ లోపలి పొడవు కుట్టుకు చెరోపక్క వచ్చాయో లేదో చూసుకుని, ఆ కుట్టు మీదుగా ముడి వేయండి. రెండు కొసలూ ఒకేపక్క ఉంటే ముడి జారి పేజీలు వదులవుతాయి. స్టాప్లర్ పిన్నులు వద్దు, వేళ్ళకు గుచ్చుకుంటాయి.

మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు అట్టకు, పేర్లకు. మధ్య 12 పేజీల్లో పేజీకి ఒక్క మనిషి, ఒక్క వాక్యం. "బండి మీద దోసె తిరగేశాడు." "లారీలోంచి మిరప బస్తా దింపింది." పని పేరు పైకి రావాలి. "చూడు, ఆడవాళ్ళు ఎంత కష్టపడతారో" లాంటి మాట ఒక్కటీ రాయొద్దు.

8. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చూసుకోండి

అవే మూడు బొమ్మలు, అవే మాటలతో మళ్ళీ గీయించండి. పేర్లు అడగండి. పాతవాటి పక్కన పెట్టి చూడండి. మూడింటిలో ఒక్కదానిలో పేరు మారినా పుస్తకాలు పనిచేస్తున్నట్టే. ఏమీ మారకపోతే రెండు కారణాలు వెతకండి: కొత్త పుస్తకాలు నిజంగా రోజూ తెరుస్తున్నారా, చదివేది ఎప్పుడూ ఒక్కరేనా.

"అమ్మాయిలు పైలట్లు అవ్వొచ్చా?" అని అడిగి, "అవ్వొచ్చు" అనగానే సంతోషపడకండి. మీకు ఏ జవాబు కావాలో పిల్లలకు తెలుసు. ఆటలో గమనించండి. ఇంటాటలో వంటెవరు, ఆఫీసుకెవరు, దొంగాపోలీసులో పోలీసెవరు అన్నది వాళ్ళు అనుకోకుండా చెప్పే జవాబు.

5, 6 ఏళ్ళ వయసులో పిల్లలు ఈ నియమాలను చాలా పట్టుగా పట్టుకుంటారు. "పింక్ ఆడపిల్లల రంగు" అని మీతోనే వాదిస్తారు. 7, 8 దాటాక సడలుతుంది. ఆ మధ్యకాలంలో వాదించి గెలవాలని చూడొద్దు. "నాకు తెలిసిన ఒక మామయ్యకు పింక్ చొక్కా అంటే ఇష్టం" అని చెప్పి వదిలేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

అమ్మాయిని గొప్పగా చూపడానికి అబ్బాయిలందర్నీ మందబుద్ధులుగా గీసిన పుస్తకాలు. బాబు ఆ పుస్తకాన్ని ఇష్టపడడు, పాపకు ఎదుటివాడిని ఓడించడమే గొప్పతనమని తెలుస్తుంది. కలిసి పనిచేసేవి ఎంచుకోండి.

అసాధారణ స్త్రీల జీవితాలు మాత్రమే తేవడం. 15 ఏళ్ళకే 2002లో గ్రాండ్‌మాస్టర్ అయిన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన మన విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ గురించి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. అవి మాత్రమే ఉంటే, పతకం వస్తేనే ఆడపిల్ల బయటికి రావొచ్చన్నట్టు తయారవుతుంది. మామూలుగా పోస్టుమ్యాను పని చేసే ఆమె, మామూలుగా పంక్చరు వేసే ఆమె ఉన్న కథలు అంతకన్నా ఎక్కువ కావాలి.

రంగు మర్చిపోవడం. పనిచేసే ఆడవాళ్ళను నల్లగా, రాకుమారిని తెల్లగా వేసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. లెక్క రాసేటప్పుడు ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

అన్నీ ఒకేసారి మార్చడం. వారానికి ఒకటి చాలు.

ఇంట్లో పెద్దవాళ్ళు అభ్యంతరం చెబితే

"మగపిల్లాడికి బొమ్మకు జోలపాడే పుస్తకం ఏంటమ్మా" అని అత్తగారో నాన్నగారో అంటారు. పిల్లల ముందు వాదించకండి. ఆ పుస్తకం వాళ్ళ చేతికే ఇచ్చి చదవమనండి. చాలాసార్లు చదువుతూనే మెత్తబడతారు. నానమ్మను తన చిన్నప్పటి పనుల గురించి అడిగి పిల్లలకు చెప్పించండి. పాలు అమ్మి లెక్క రాసుకున్నవాళ్ళు, కూలీల్ని పెట్టి చేను చూసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. బాబు డాన్సు పుస్తకం గురించి గొడవైతే కృష్ణా జిల్లా కూచిపూడిని గుర్తుచేయండి. అక్కడ తరతరాలుగా మగవాళ్ళే ఆడవేషం కట్టి ఆడారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే అని పెద్దవాళ్ళకు మనం చెప్పక్కర్లేదు, వాళ్ళే చెబుతారు.

బడిలో, అంగన్‌వాడీలో

గోడ మీద "మన సహాయకులు" చార్టు ఉంటే ముందు దాని మీద చేతుల లెక్క వేయండి. సాధారణంగా టీచరు, నర్సు తప్ప అందరూ మగవాళ్ళే ఉంటారు. చార్టు తీసేయనక్కర్లేదు. పిల్లల చేత అగ్గిపెట్టె అంత బొమ్మలు గీయించి పక్కన అంటించండి: డాక్టరు పక్కన ఇంకో డాక్టరు, రైతు పక్కన ఇంకో రైతు. నాటకం ఆడించేటప్పుడు పాత్రలు చీటీలు వేసి పంచండి. బాబుకు అమ్మ పాత్ర వచ్చి మిగతావాళ్ళు నవ్వితే, మొదటి రోజు టీచరే ఆ పాత్ర పక్కన నిలబడి చేయండి. రెండో వారానికి నవ్వు తగ్గుతుంది. నెలకోసారి పుస్తకాల పెట్టెలోంచి ఏవైనా పది తీసి, రెండో అంచెలో చెప్పిన లెక్క మళ్ళీ వేయండి. విరాళంగా వచ్చిన పుస్తకాలు చేరేకొద్దీ పంపకం మళ్ళీ పాత దారిలోకి పోతుంటుంది.